ముఖం కడిగిన మందులు

పొద్దున పాపకి జడలు వేస్తుంటే ఒక రిబ్బను కనబడలేదు. "నిన్న నీ చేతికే ఇచ్చాను కదే, ఎక్కడ పారేశావ్?" అని కోడలు విసుక్కుంది. పాప జవాబివ్వకుండా బళ్ళో కొత్తగా నేర్చుకున్న పాట అందుకుంది. నిద్రలో తప్ప ఆ పిల్ల నోరు మూతపడదు. అందుకే ఇంటిల్లిపాదీ దాన్ని పిచ్చుక అంటారు. బళ్ళో రాయించిన పేరు బళ్ళోనే ఉండిపోయింది.

వంటింట్లోంచి అత్తగారు కేకేసింది. "అమ్మాయ్, నీ టీ చల్లారిపోతోంది. నువ్వు తాగు, దాని జడ సంగతి నేను చూస్తా."

"మీరు చూస్తే బడి వ్యాను వెళ్ళిపోతుంది అత్తయ్యా. కథ చెప్పందే జడ వేయరు మీరు."

"కథ చెప్పకపోతే అది కుదురుగా కూర్చుంటుందా, నీ కూతురు?"

ఇంటి ముందు భాగంలో మందుల కొట్టు, వెనక కాపురం. రెంటికీ మధ్య తలుపు లేదు, ఆకుపచ్చ కర్టెను ఒకటే. కొట్టు మామగారి తండ్రి పెట్టింది. ఆ వీధిలో జ్వరం వచ్చినా, దెబ్బ తగిలినా, చంటిపిల్ల నిద్రపోకుండా ఏడ్చినా జనం ముందు ఇక్కడికే వస్తారు. మామగారు వాళ్ళని పేరుపేరునా పలకరిస్తాడు. చేతిలో చిల్లర లేకపోతే "తర్వాత ఇద్దువు గానీ వెళ్ళు" అంటాడు. మంచివాడని ఆయనకి పేరు. అది ఉత్త పేరు కాదు, నిజంగానే మంచివాడు.

ఆ పొద్దున కౌంటరు దగ్గర ఆమె భర్త ఉన్నాడు. మామగారు లోపల అద్దం ముందు గడ్డం గీసుకుంటున్నాడు. వీధిలోంచి ఎవరో పరుగులాంటి నడకతో వచ్చి కౌంటరు పట్టుకుని నిలబడ్డారు. గొంతు వినగానే కోడలు గుర్తుపట్టింది. ఎదురు వీధిలో బట్టలు కుట్టే టైలరక్క తమ్ముడు.

"అన్నా, అక్క నిన్న సాయంత్రం పడిపోయింది. ఫిట్సు వచ్చాయి."

"అయ్యో! ఎప్పుడో తగ్గిపోయాయి కదయ్యా?"

"ఏళ్ళ తరబడి రాలేదన్నా. నిన్న ఇస్త్రీ చేస్తూ చేస్తూ పడింది. కాలుతున్న పెట్టె మీద చెయ్యి పడింది. నేను ఇంట్లో లేను. అమ్మ చూసేసరికి…" ఆ మాట అక్కడే వదిలేసి, "కుడి చెయ్యన్నా" అన్నాడు.

కర్టెను ఇవతల కోడలి చేతిలో దువ్వెన ఆగిపోయింది.

"డాక్టరమ్మ ఆ మాత్రల స్ట్రిప్పు చూపించమంటోంది. వేళ తప్పకుండా వేసుకుంటున్నా ఎందుకొచ్చాయో అర్థం కావట్లేదట. ఖాళీది చెత్తలో పోయింది. అదే సరుకు మీ దగ్గర ఇంకా ఉంటుందిగా, ఒకటి ఇస్తే ఆసుపత్రికి పట్టుకెళ్తా. అమ్మ అక్కడే ఉంది, అన్నం కూడా తీసుకెళ్ళాలి."

"వెతకాలి. ఇల్లు సర్దుకుని, మీ అమ్మకి అన్నం గిన్నె తీసుకుని వెళ్తావుగా, వెళ్ళేటప్పుడు ఇటు రా. తీసి ఉంచుతా" అన్నాడు ఆమె భర్త.

అతను వెళ్ళగానే భర్త కర్టెను తోసుకుని లోపలికి వచ్చాడు. మామగారు సగం గీసిన గడ్డంతో వచ్చాడు. అత్తగారు గరిట పట్టుకునే వచ్చింది. ముగ్గురూ ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకున్నారు తప్ప, ఏ మాత్రలని ఎవరూ అడగలేదు. అందరికీ తెలుసు.

"ఇంకా ఉన్నాయా?" అన్నాడు మామగారు.

"కింద అరలో ఒక పెట్టె ఉంది."

"తీసి వెనక పెట్టు. అయిపోయాయని చెప్పు. అంతకన్నా ఏం లేదు, కంగారు పడకండి."

పాప వాళ్ళ మధ్య నుంచి దూరి, సంచీ తగిలించుకుని కొట్టులోకి పోయింది. రోజూ వ్యాను కోసం కౌంటరు పక్కన స్టూలు మీద కూర్చోవడం దానికి అలవాటు. కాసేపటికి టైలరక్క తమ్ముడు అన్నం గిన్నెతో మళ్ళీ వచ్చాడు. అతని అడుగుల చప్పుడు వినబడగానే ఆమె భర్త, చేతిలో పెట్టెతో సహా, కర్టెను వెనక బిగుసుకుపోయాడు.

"పిచ్చుకా, నాన్న ఏడమ్మా?"

"నాన్న సరుకు తేవడానికెళ్ళారు." పాప గొంతులో తడబాటు లేదు. "తాతయ్య నిద్రపోతున్నారు. మీరడిగిన మాత్రలు అయిపోయాయంట. నిన్ననే ఆఖరిది అమ్మేశారు."

"అవునా? ఇప్పుడేగా నాన్న ఇక్కడున్నాడు?"

"ఇప్పుడే వెళ్ళారు, స్కూటరు మీద. మీకెదురు రాలేదా?"

అతను ఇంకేం అడగలేదు. పాప చెంప తట్టి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత పాప స్టూలు మీదే వెనక్కి తిరిగి, కర్టెను సందులోంచి లోపలికి చూసింది. కళ్ళు మెరుస్తున్నాయి. తను చేసిన పని ఎలా ఉందో చెప్పమన్నట్టు చూస్తోంది.

"అమ్మ పిచ్చుకా! నీ తెలివి మండా!" అని తాతయ్య మురిసిపోయాడు. వ్యాను వస్తే పాప ఎగురుకుంటూ ఎక్కేసింది.

కోడలు మాత్రం కదల్లేదు. పాప ముఖంలోని ఆ చూపు ఆమె ఎరిగినదే. కొన్నేళ్ళ కిందట, ఇదే ఇంట్లో, తను అత్తగారి వంక అలాగే చూసింది.

ఆమె పుట్టింటి సంగతి చెప్పుకోవాలంటే పెద్దగా ఏమీ లేదు. తండ్రి బస్సు డ్రైవరు. బళ్ళో చదువుకునే రోజుల్లోనే తల్లి పోయింది. తండ్రి చెడ్డవాడు కాడు, కానీ మాట్లాడడు. అన్నం వండి మూతపెట్టి డ్యూటీకి వెళ్ళేవాడు, వచ్చి తిని పడుకునేవాడు. ఆ ఇంట్లో గడియారం చప్పుడు వంటింట్లోకి కూడా వినబడేది. పెళ్ళయి ఇక్కడికి వచ్చిన మొదటి రోజున అందరూ ఒకేసారి మాట్లాడుతుంటే ఆమెకి తల తిరిగింది. మర్నాడు అత్తగారు ముందు కూర్చోబెట్టుకుని తలకి నూనె రాసింది. తల్లి పోయాక మళ్ళీ తన తల మీద ఆడమనిషి చెయ్యి పడడం అదే మొదలు. వెనక్కి తిరక్కుండా ఏడ్చింది. అత్తగారు చూసి కూడా చూడనట్టే రాస్తూ పోయింది.

ఆదివారం మధ్యాహ్నం కొట్టు మూసేవాళ్ళు. భోజనాల బల్ల మీద పాత పేపర్లు పరిచి, రేడియో పెట్టి, అందరూ చుట్టూ కూర్చునేవాళ్ళు. దూది, స్పిరిట్టు వాసన, చిన్న చిన్న సీసాలు, మాత్రల స్ట్రిప్పులు. దుమ్ము తుడుస్తున్నారనుకుని "ఏం చేస్తున్నారత్తయ్యా?" అని అడిగింది.

"ముఖాలు కడుగుతున్నామే" అని అత్తగారు అంటే అందరూ గొల్లున నవ్వారు.

గడువు తీరిన మందుల మీద తేదీ చెరిపి కొత్తది వేస్తున్నారని అర్థమయ్యాక ఆమెకి అన్నం సయించలేదు. భర్తని పక్కకి పిలిచి అడిగింది. "కంపెనీవాళ్ళు కావాలనే తేదీ ముందుకి జరిపి వేస్తారు. మళ్ళీ కొనుక్కుంటారని. మందేమన్నా పాలా, విరిగిపోవడానికి?" అన్నాడు అతను, చాలా మామూలుగా. అతనికి అది నిజంగానే మామూలు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఆ బల్ల దగ్గరే పెరిగాడు.

ఎవరూ ఆమెని బలవంతం చేయలేదు. "నీకిష్టం లేకపోతే లోపల పడుకో తల్లీ" అనేది అత్తగారు. ఆమె లోపల పడుకునేది. బల్ల దగ్గర్నుంచి నవ్వులు వినబడేవి. ఆ నవ్వులకి ఆమె నిలవలేకపోయింది. కొన్ని ఆదివారాలు గడిచాక వచ్చి ఊరికే కూర్చుంది. ఇంకొన్నాళ్ళకి దూది ఉండలు చేసి అందించింది. ఒకరోజు అత్తగారు కళ్ళు చిట్లించి, "ఈ ఒక్కటీ చూడవే, నాకు అక్షరం ఆనడం లేదు" అంది. ఆమె చేసి చూపించింది.

"ఏవండీ, ఇటు చూడండి! మచ్చ కూడా లేదు! ఇన్నేళ్ళుగా చేస్తున్నాం, మనకి రాలేదీ పనితనం" అని అత్తగారు మురిసిపోయింది. ఆమె తలెత్తి అత్తగారి వంక చూసింది, సరిగ్గా పాప చూసినట్టే. ఆ తర్వాత ఇంక ఎవరూ అడగక్కర్లేకపోయింది. చేతులకి పని వచ్చినట్టే నోటికి మాటలూ వచ్చాయి. మేమేమన్నా విషం కలుపుతున్నామా, ఏ కొట్లో చేయరు, పైగా మేం తక్కువకే ఇస్తున్నాం కదా. తక్కువకి ఇవ్వడం నిజమే. ముఖం కడిగిన మందులు బిల్లు అడగనివాళ్ళకి వెళ్ళేవి. బిల్లు అడగనివాళ్ళంటే నమ్మినవాళ్ళు. టైలరక్క ఎప్పుడూ బిల్లు అడగలేదు.

ఆ స్ట్రిప్పుల ముఖం కడిగింది తనే. ఆమెకి బాగా గుర్తుంది.

భర్త కొట్టు షట్టరు సగానికి దించి లోపలికి వచ్చేసరికి కోడలు చీర మార్చుకుని, చెప్పులు వేసుకుంటోంది.

"ఎక్కడికి?"

"ఆసుపత్రికి. డాక్టరుతో చెప్పాలి."

"ఏం చెప్పాలి?" భర్త గొంతు తగ్గించాడు. "నీకేమన్నా మతి పోయిందా? చెప్పుల్లోంచి కాళ్ళు తియ్యి. ముందు కూర్చో."

ఆమె కూర్చుంది. ఆ భోజనాల బల్ల దగ్గరే. మామగారు ఎదురుగా కూర్చుని, పిల్లలకి చెప్పినట్టు నెమ్మదిగా మొదలుపెట్టాడు. "చూడమ్మా. ఫిట్సు అన్నవి నిద్ర లేకపోయినా వస్తాయి. మనసు బాగాలేకపోయినా వస్తాయి. మన మాత్ర వల్లే వచ్చాయని ఎవరు చెప్పగలరు? మా నాన్న కాలం నుంచీ చేస్తున్నాం. ఇన్నేళ్ళలో ఒక్కరికైనా ఏమైనా అయిందా?"

"అయితే మనకెలా తెలుస్తుంది మామయ్యా? జ్వరం తగ్గకపోతే ఇంకో మందు కోసం మన కొట్టుకే వచ్చారు. మీరు ఇంకోటి ఇచ్చారు. మీకు దణ్ణం పెట్టి వెళ్ళారు."

భర్త అందుకున్నాడు. "జైలంటే ఆటలనుకుంటున్నావా? నాన్నని ఈ వయసులో లోపల పెడతారు. నన్నూ పెడతారు. నువ్వు మాత్రం తప్పించుకుంటావా? పిల్ల గతేంటి, ఆలోచించావా?"

"పొద్దుట్నుంచీ దాని గురించే ఆలోచిస్తున్నా. మీరు కర్టెను వెనక దాక్కున్నారు. అది మీ బదులు అబద్ధం ఆడింది. ఎవరు నేర్పారండీ దానికి? ఒక్కళ్ళమైనా కూర్చోబెట్టి నేర్పామా?"

"చిన్నపిల్ల, ఏదో వాగింది."

"ఏదో వాగలేదు. స్కూటరు ఎదురు రాలేదా అని తిరిగి అడిగింది. ఆ మాటకి అతను నమ్మేశాడు. అంత నాకు కూడా తట్టదు."

ఇంతసేపూ గోడకి ఆనుకుని నిలబడ్డ అత్తగారు ముందుకి వచ్చింది. ఆవిడ కళ్ళు అప్పటికే ఎర్రబడ్డాయి. "ఒక్క మాట చెప్పు. ఈ ఇంట్లో నీకేం తక్కువ చేశాను? ఒక్కరోజు గట్టిగా మాట్లాడానా? కడుపున పుట్టినదానిలా చూసుకున్నానే. అందుకేనా మమ్మల్ని వీధిలోకి లాగుతున్నావ్?"

"అలా చూసుకున్నారు కాబట్టే నేర్చుకున్నానత్తయ్యా." కోడలు ఆవిడ వైపు తిరిగింది. "కసురుకుని, తిట్టి చేయించి ఉంటే ఒక్కటి కూడా ముట్టుకునేదాన్ని కాదు. మా నాన్న దగ్గరికి వెళ్ళిపోయేదాన్ని. మీరు బాగుందన్నారు. మీరు బాగుందంటే చాలు, ఇంకేమీ అక్కర్లేదనిపించేది నాకు."

"తప్పంతా నాదేనంటావ్."

"అనడం లేదు. చేతులు నావే. కానీ ఒకటడుగుతా, మీరు కోప్పడినా సరే. మీ బీపీ మాత్రలు ఏ అరలోంచి తీసుకుంటారు?"

అత్తగారు తల తిప్పేసుకుంది. కోడలే జవాబిచ్చింది.

"పై అరలోంచి. పాప దగ్గు మందు కూడా పై అరలోదే. నేను వచ్చిన కొత్తలో మీరే చెప్పారు, ఇంట్లోవాళ్ళకి కింద అరలోవి తీయకే అని. మందు చెడిపోదనుకుంటే ఎందుకు చెప్పారత్తయ్యా? నేనెందుకు అడగలేదు? మనందరికీ తెలుసు. తెలిసే నవ్వుకుంటూ కూర్చున్నాం ఇక్కడ."

బయట ఎవరో షట్టరు మీద కొట్టి, "పెద్దాయనా, తలనొప్పి మాత్ర!" అని అరిచారు. ఎవరూ లేవలేదు. అరిచినతను కాసేపు చూసి వెళ్ళిపోయాడు.

కోడలు లేచింది. కర్టెను పక్కన దాచిన పెట్టెలోంచి ఒక స్ట్రిప్పు తీసుకుంది. భర్త అడ్డంగా నిలబడ్డాడు గానీ, ఆమె దగ్గరికి వచ్చేసరికి ఎందుకో పక్కకి జరిగాడు.

ఆసుపత్రి వార్డులో కిటికీ పక్క మంచం మీద టైలరక్క ఉంది. కుడి చెయ్యి మోచేతి దాకా కట్టు. ముఖం వాడిపోయింది, అయినా కోడలిని చూడగానే లేవబోయింది.

"వచ్చావా? పిచ్చుక గౌను రేపిస్తానన్నా, చూడు ఏమయిందో నా బతుకు. గౌను చేతులొక్కటే కుట్టాలి. మా అమ్మ చేత పంపిస్తా, ఎవరి చేతైనా కుట్టించుకో."

కోడలు మంచం పక్కన నిలబడింది, కూర్చోలేకపోయింది. ఇంతలో డాక్టరమ్మ వచ్చింది. చిన్న వయసావిడ, తొందరగా మాట్లాడే మనిషి. "చూడమ్మా, ఆ మాత్ర నీకు పనిచేయడం మానేసినట్టుంది. ఇంకా గట్టిది మొదలుపెడదాం. కొన్నాళ్ళు మత్తుగా ఉంటుంది, చేతులు వణకొచ్చు. చెయ్యి మానినా సరే, మెషీన్ దగ్గరికి ఇప్పట్లో వెళ్ళకు."

"మెషీన్ ముట్టుకోకపోతే ఎలాగండీ?" అంది టైలరక్క. "నాకొచ్చింది అదొక్కటే."

"మాత్ర పనిచేయకపోవడం కాదండీ." కోడలు అనేసింది. ఇంకా ఆలోచిస్తే అనలేనని ఆమెకి తెలుసు. చేతిలోని స్ట్రిప్పు డాక్టరమ్మకి ఇచ్చింది. "దీని మీద ఉన్న తేదీ అసలు తేదీ కాదు. అది ఎప్పుడో తీరిపోయింది. నేనే చెరిపాను. అక్క వేసుకున్నవన్నీ ఇవే."

డాక్టరమ్మ స్ట్రిప్పుని వెలుతురుకి ఎత్తి అటూ ఇటూ తిప్పింది. ముందు అర్థం కానట్టు, తర్వాత అర్థమయి, మంచం వైపు చూసింది. టైలరక్క తమ్ముడు గోడ దగ్గర్నుంచి ఒక్క అంగలో వచ్చాడు.

"అంటే పొద్దున… ఆ పసిదాని చేత అబద్ధం చెప్పించారా మీరు?"

"చెప్పించలేదు. దానంతటదే చెప్పింది." కోడలు తల వంచుకుంది. "మమ్మల్ని చూసి."

టైలరక్క తమ్ముడిని ఆగమన్నట్టు ఎడమ చెయ్యి ఎత్తింది. చాలాసేపు కోడలి ముఖంలోకి చూసింది. "నాకు తక్కువకి ఇస్తున్నారని మా అమ్మతో ఎప్పుడూ చెప్పేదాన్ని" అంది. "మనవాళ్ళు కాబట్టి ఇస్తున్నారే అని."

అంతే. ముఖం కిటికీ వైపు తిప్పేసుకుంది. కోడలు ఎంతసేపు నిలబడినా మళ్ళీ తిరగలేదు.

డాక్టరమ్మ ఆ రోజే మందుల తనిఖీ ఆఫీసుకి ఫోను చేసింది. గట్టి మందు ఆలోచన మానేసి, అదే మాత్ర ఆసుపత్రి కొట్లోంచి తాజాగా తెప్పించి మొదలుపెట్టింది.

ఇంటికి వచ్చేసరికి సాయంత్రమైంది. పెరటి వైపు చప్పుడు వినబడి కోడలు అటు వెళ్ళింది. భర్త, మామగారు కలిసి కింద అరలోని పెట్టెలు పెరట్లోకి చేరేస్తున్నారు. స్కూటరు స్టాండు వేసి ఉంది. పెరటి గుమ్మానికి అడ్డంగా అత్తగారు కూర్చుంది.

"లేవే. చీకటి పడకముందే ఎక్కడైనా పారేసి రావాలి" అంటున్నాడు మామగారు.

"లేవను."

"నీకూ ఎక్కిందా దాని పిచ్చి?"

"మధ్యాహ్నం మాత్ర వేసుకుందామని చెయ్యి పైకెత్తానండీ." అత్తగారు ఆయన వంక చూడటం లేదు, తన చేతినే చూసుకుంటోంది. "పై అర దాకా వెళ్ళి ఆగిపోయింది. ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలీదు. ఎన్నేళ్ళుగా తీస్తున్నానో కదా ఆ మాత్ర, ఒక్కసారీ కింద అర వైపు చూడలేదు నేను. ఆ టైలరు పిల్ల రోజూ మన గుమ్మం ముందు నుంచే వెళ్ళేది, పెద్దమ్మా బాగున్నావా అంటూ. ఈ పెట్టెలు ఎక్కడికీ వెళ్ళవు. లోపల పెట్టండి."

మామగారు చేతిలోని పెట్టె కింద పెట్టి, దాని మీదే కూలబడి, తువ్వాలుతో ముఖం కప్పుకున్నాడు. ఆయన ఏడవడం ఆ ఇంట్లో ఎవరూ ఎన్నడూ చూడలేదు.

మర్నాడు ఇన్‌స్పెక్టరు వచ్చాడు. అరలన్నీ చూసి, పెట్టెలకి సీలు వేయించి, భోజనాల బల్ల దగ్గర కూర్చున్నాడు. నెరిసిన జుట్టు, అలసిపోయిన ముఖం. గొంతు పెంచకుండానే అడిగాడు. "ఈ పని ఇంట్లో ఎవరెవరు చేసేవాళ్ళు?"

"లైసెన్సు నా పేరు మీద ఉంది. రాసుకోండి, నేనే" అన్నాడు మామగారు.

"పెద్దాయనా, మీకు ఇంత సన్నపని చేసే కళ్ళున్నాయా?"

"నేను చేశానండీ" అంది కోడలు.

"ఆగు" అని అత్తగారు కుర్చీ లాక్కుని ఇన్‌స్పెక్టరు ఎదురుగా కూర్చుంది. "నేను చెప్తాను బాబూ. నేను ఈ ఇంటికి వచ్చినప్పుడు మా అత్తగారు నాకిది నేర్పింది. అప్పుడు నేను కూడా అన్నం మానేశాను. మంచినీళ్ళు పట్టే వంకతో పెరట్లోకి వెళ్ళి ఏడ్చేదాన్ని. తర్వాత అలవాటైంది. ఈ పిల్ల వచ్చి, ఇదేంటత్తయ్యా అని బెదిరిపోయి అడిగినప్పుడు నాకు నవ్వొచ్చింది. నేను ఏడ్చిన సంగతే మర్చిపోయాను. అది గుర్తుండి ఉంటే ఈపాటికి ఈ బల్ల ఖాళీగా ఉండేది. దీనికి ఇవేవీ తెలియవు బాబూ. తల్లి లేని పిల్ల, నేనేం చెబితే అదే లోకమనుకుంది. నేర్పింది నేను. అదే రాసుకోండి."

"నేర్చుకున్నది నేను, తెలిసే" అంది కోడలు. "అది కూడా రాయండి."

ఇన్‌స్పెక్టరు రెండూ రాసుకున్నాడు. అత్తగారి చెయ్యి బల్ల కింద వెతుక్కుంటూ వచ్చి కోడలి చెయ్యి పట్టుకుంది.

కొట్టు మూతపడింది. కేసు నడుస్తోంది. జామీను మీద బయట ఉన్నా, మామగారు వీధిలోకి వెళ్ళడం మానేశాడు. భర్త ఒక గోడౌనులో పార్సెళ్ళు సర్దే పనికి కుదిరాడు. మొదట్లో భార్యతో మాట్లాడేవాడు కాదు. ఒకరోజు అన్నం తింటూ, "అక్కడ ఒకడు పగిలిన సరుకు మంచిదాంట్లో కలిపేయమన్నాడు. అందరూ అలాగే చేస్తారట" అన్నాడు. "మీరేమన్నారు?" అని ఆమె అడిగింది. "ఏమీ అనలేదు. పగిలినవి పక్కన పెట్టేశా" అన్నాడు. చాలా రోజుల తర్వాత అతను ఆమె ముఖంలోకి చూసిన రోజు అది.

టైలరక్కకి ఫిట్సు మళ్ళీ రాలేదు. చెయ్యి మానింది గానీ, రెండు వేళ్ళు పూర్తిగా ముడుచుకోవడం లేదు. కోడలు వెళితే కొన్నాళ్ళు తలుపు తీయలేదు. ఒకనాడు తీసి, గుమ్మంలోనే ఒక బట్టల మూట అందించింది. "అంచులు మడిచి కుట్టడం వచ్చా నీకు?" కోడలు తలూపింది. "క్షమించేశానని కాదు. బట్టలు ఆగిపోయాయి, జనం అడుగుతున్నారు" అంది టైలరక్క. అప్పటి నుంచి కోడలు ఇంటి పనయ్యాక అక్కడికే వెళ్తోంది. ఇద్దరి మధ్యా మెషీన్ చప్పుడే తప్ప మాటలుండవు. పోను పోను, ఈ అంచు బాగుంది, ఇది విప్పి కుట్టు, అనేంత వరకూ వచ్చింది.

ఒక మధ్యాహ్నం అత్తగారు కూడా కోడలి వెంట వెళ్ళింది. టైలరక్క లోపలికి రమ్మనలేదు, పొమ్మననూ లేదు. అత్తగారు గుమ్మం దగ్గర నిలబడి ఏదో అనబోయి, అనలేక తిరిగి వచ్చేసింది. ఇంటికి వచ్చి ఖాళీ కొట్టులో కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది.

బడి నుంచి వచ్చిన పాప సంచీ కూడా తీయకుండా నాయనమ్మ ఎదురుగా నిలబడింది.

"ఎందుకేడుస్తున్నావ్ నాయనమ్మా?"

"ఏం లేదమ్మా, కంట్లో ఏదో ప…"

మాట మధ్యలో ఆగిపోయింది. ఆవిడ కొంగు తీసేసింది. అత్తగారి వెనకే ఇంటికి వచ్చిన కోడలు కర్టెను దగ్గర నిలబడి చూస్తోంది.

అత్తగారు పాపని దగ్గరికి లాక్కుని, ఆ చిన్న ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది.

"కంట్లో ఏమీ పడలేదే. నేనొక తప్పు చేశాను, చాలా పెద్ద తప్పు. అందుకే ఏడుస్తున్నా. కూర్చో, ఏం చేశానో చెప్తా."